ఎండీఎఫ్ పలకతో గండ్రగొడ్డలి: తల పలకతో, కామ కర్రతో

కళాశాల నాటకంలో ఒక కల్పిత లోకపు సేనాని పట్టుకునే రెండు వాదరల గండ్రగొడ్డలిని పూర్తిగా 12 మి.మీ. ఎండీఎఫ్ (కర్ర పీచును ఒత్తి చేసే) పలకతోనే కోసి చేయవచ్చా, అది విరగకుండా నిలుస్తుందా, ఇనుములా కనిపించాలంటే ఏ రంగు వేయాలి అని మీరు అడిగారు. హన్మకొండలో మా నాటక బృందం కోసం నేను ఇటువంటివి మూడు చేశాను. మొదటిదాన్ని మీరు అనుకుంటున్నట్టే కామతో సహా ఒకే పలకలోంచి కోశాను. రెండో రోజు అభ్యాసంలో నటుడు దాన్ని భుజం మీదికి ఎత్తుకోబోతుండగా తలా కామా కలిసే చోట అది విరిగి, తల భాగం ఎదురుగా నిలబడిన అమ్మాయి కాళ్ల దగ్గర పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, ఆ రోజు నుంచి కామను కర్రతో తప్ప మరి దేనితోనూ చేయలేదు.

కారణం పలక తయారీలోనే ఉంది. కర్రను సన్నని పీచుగా విడదీసి, రెజిన్ అనే జిగురు కలిపి, వేడితో ఒత్తి ఎండీఎఫ్ చేస్తారు. కర్రలో పొడవునా సాగే నార ఇందులో ఉండదు కాబట్టి, ఎటు వంపు తిప్పి కోసినా రంపం సాఫీగా నడుస్తుంది. అదే కారణం చేత సన్నగా పొడవుగా ఉన్న ముక్క వంగే ఒత్తిడిని తట్టుకోలేదు. పైగా ఇది బరువైనది. 8×4 అడుగుల 12 మి.మీ. పలక సుమారు 25 కిలోలు తూగుతుంది, అంటే చదరపు అడుగుకు దాదాపు 800 గ్రాములు. మీ లెక్క అక్కడి నుంచే మొదలు కావాలి, ఎందుకంటే గంటన్నర నాటకంలో ఆ బరువును మోసేది నటుడి మణికట్టు.

తలను నేను మూడు పొరలుగా చేస్తాను. మధ్య పొర 12 మి.మీ., అటూ ఇటూ 6 మి.మీ. చొప్పున రెండు పొరలు. వాదర వైపు రెండంగుళాలు, కామ దిగే చోటు చుట్టూ రెండంగుళాలు వదిలి, మధ్య పొరలో మిగిలినదాన్ని కోసి తీసివేస్తే లోపల బోలుగా ఉండి బరువు బాగా తగ్గుతుంది. కామకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు గొడ్డలి కామే చాలు. దాని పై చివరను ఎనిమిది అంగుళాల మేర రెండు వైపులా చిత్రిక పట్టి, సరిగ్గా 12 మి.మీ. మందానికి తెచ్చి, మధ్య పొరలో కోసిన గాడిలో బిగుతుగా కూర్చోబెట్టాలి. ఫెవికాల్ రాసి, క్లాంపులు బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. ఆ తరువాత మూడు పొరల్నీ, కామనూ కలిపి అడ్డంగా రంధ్రాలు చేసి రెండు బోల్టులు వేయాలి. పలక పక్క అంచులోకి మాత్రం ఎప్పుడూ స్క్రూ దించవద్దు, అది పొరలుగా విచ్చుకుంటుంది. బోల్టు తలల్ని దాచనవసరం లేదు, రంగు పడ్డాక అవి కమ్మరి కొట్టిన మేకుల్లా కనిపిస్తాయి.

ఆకారం కోసం నేను ఓరుగల్లు కోటకు వెళ్లి, కీర్తి తోరణాల మీద కూర్చున్న హంసల్ని కాగితం మీద గీసుకుని వచ్చాను. కల్పిత లోకానికి సైతం మన శిల్పుల వంపులు చక్కగా అమరుతాయని నా నమ్మకం. అయితే హంస మెడను శిల్పంలో ఉన్నంత సన్నగా కోస్తే పలకలో అది నిలవదు; అంగుళం వెడల్పుకు తగ్గనివ్వకండి.

వాదర ఏటవాలును ఆకురాయితో మొదలుపెట్టి, చెక్క దిమ్మకు చుట్టిన 80 నంబరు సాండ్‌పేపరుతో దింపుతాను. ఇక్కడ మూడు పొరల వల్ల ఒక మేలు ఉంది. పొరలు కలిసిన జిగురు గీత ఏటవాలు మీద బయటపడుతుంది. ఆ గీత వాదర వెంట సమాన దూరంలో సాగితే మీ చేయి సరిగా నడుస్తున్నట్టు. అలలా ఊగితే అక్కడ ఎక్కువో తక్కువో అరిగినట్టు. కొలబద్ద కంటే నేను ఆ గీతనే నమ్ముతాను. చివర 3 మి.మీ. మందం మొద్దుగా వదలండి. అంతకంటే పలచనైతే పెచ్చులు ఊడుతుంది, తగిలితే గాయం చేస్తుంది.

ఈ పనిని గదిలో చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎండీఎఫ్ పొడి పిండిలా సన్నగా ఉండి చాలాసేపు గాలిలో తేలుతుంది. సాధారణంగా ఈ పలకల్లో వాడే రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా 2004లో నిర్ధారించింది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట కోయండి. పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తుడిచి తీయండి.

రంగు కంటే ముందు ఆలోచించవలసింది అంచు. పలక ముఖం గట్టిగా, నున్నగా ఉంటుంది. కోసిన అంచు మాత్రం రంగును స్పంజిలా పీల్చుకుంటుంది. నా రెండో గొడ్డలికి శ్రావణంలో, ముసురు పట్టిన రోజుల్లో, నీళ్లతో కలిపే ప్రైమరును నేరుగా అంచుకు పూశాను. మర్నాటికి అంచు ఉబ్బి, గరుకుతేలి, వారం రోజుల పని పోయింది. ఇప్పుడు థిన్నరు కలిపిన సాండింగ్ సీలరును అంచులకు మూడు సార్లు పూసి, ప్రతి పూతా ఆరాక 220 నంబరు కాగితంతో రుద్దుతాను. సీలరు ఆవిరికి మంట అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో పొయ్యి, సిగరెట్టు ఉండకూడదు. సందులు పూడ్చడానికి టేకు రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి నింపుతాను. చేర్యాల కళాకారులు ముసుగులు, బొమ్మలు చేసేటప్పుడు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి వాడతారు. ఈ ఉపాయం నాకు వారి పని చూశాకే తట్టింది.

ఇనుము రంగుకు వెండి రంగు డబ్బా ఒక్కటే కొట్టకండి, అట్టముక్కకు తగరపు కాగితం అంటించినట్టు ఉంటుంది. మెరుపు లేని నలుపు వేసి, పూర్తిగా ఆరాక, పెన్సిల్ ములుకును నూరిన గ్రాఫైటు పొడిని మెత్తని గుడ్డతో రుద్దండి. వాదర మీద, హంస వీపు మీద, చేతులు తగిలే చోట్ల ఎక్కువగా. పల్లాల్లో అసలు వద్దు. చివరగా మెరుపు లేని లాకరును దూరం నుంచి పలచగా కొట్టకపోతే గ్రాఫైటు నటుడి బట్టలకు అంటుతుంది.

ఇంత చేసినా ఇది పట్టుకుని నిలబడటానికి, ఎత్తి చూపడానికి మాత్రమే పనికివచ్చే ఆయుధం. మీ నాటకంలో దెబ్బలాట ఉంటే, అదే ఆకారంలో ఫోముతో ఇంకొకటి చేసి, దీపాలు తగ్గిన క్షణంలో మార్చండి. మా మూడో గొడ్డలికి అలాగే చేశాం, అది ఇప్పటికీ చెక్కుచెదరకుండా మా సామాను గదిలో, తేమ తగిలే గోడకు దూరంగా, కొక్కేనికి వేలాడుతోంది.