కుక్క తాకితే వుజూ పోతుందా?

పోదు. కుక్క తాకినంత మాత్రాన వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని చేసుకునే శుద్ధి) భంగం కాదు. దాని చొంగ ఒంటికో బట్టలకో అంటితే ఆ చోటు కడుక్కుని నమాజు చేసుకోవచ్చు.

వుజూను పోగొట్టేవి మలమూత్ర విసర్జన, అపానవాయువు, గాఢనిద్ర లాంటివి. బయటి నుంచి అపవిత్రమైనది అంటడం వేరే సంగతి. దానికి కడగడమే పరిష్కారం, మళ్లీ వుజూ అక్కర్లేదు.

ఏది అపవిత్రం అన్నదాంట్లోనే హనఫీ, షాఫీ, మాలికీ అనే ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల పండితుల మధ్య తేడా ఉంది. కుక్క మూతి పెట్టిన పాత్రను 7 సార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలని హదీసు (ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల ఉల్లేఖనం). హనఫీలు దీన్నిబట్టి చొంగను మాత్రమే అపవిత్రం అంటారు, ఒంటిని కాదు. తెలుగు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. షాఫీలు తడిగా తాకిన కుక్క ఒంటికీ ఈ 7 సార్లు కడిగే నియమమే వర్తిస్తుందంటారు. హైదరాబాద్ బార్కస్‌లోని అరబ్ మూలాల కుటుంబాలది ఈ సంప్రదాయం. మాలికీలకైతే బతికున్న కుక్క పవిత్రమే.

ఉదాహరణకు, మసీదుకు వెళ్తుంటే వీధికుక్క పొడి ఒంటితో ప్యాంటుకు రాసుకుంది. ఏమీ చేయనక్కర్లేదు. నాకితే ఆ తడి అంటిన మేర కడగాలి.

ఇస్లాం కుక్కల్ని ద్వేషిస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. శిక్షణ పొందిన జంతువులు పట్టిన వేటను ఖురాన్ 5:4 అనుమతిస్తుంది. వేటకు, మందకు, పొలం కాపలాకు కుక్కను పెంచుకోవచ్చు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడనీ హదీసు ఉంది.