వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. బైక్ జారిపడి తలకు దెబ్బ తగిలితే వరంగల్‌లో ఆపరేషన్ చేశారు. ఐసీయూలో ఐదు రోజులు బాగానే మాట్లాడాడు. నిన్నటి నుంచి జ్వరం, మగత. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ పడుకుంటున్నాడు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ వచ్చిందేమో, వెన్నులో నీరు తీసి చూడాలంటున్నారు. కాళ్లు పడిపోతాయని మా బాపు సంతకం పెట్టనంటున్నాడు. కొంచెం జలుబు కూడా ఉంది, కూర్చోబెడితే ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి.
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: అమ్మా, మీరు చివర్లో చెప్పి వదిలేసిన జలుబు సంగతే ముందు మాట్లాడదాం. తలకు దెబ్బ తగిలినవాళ్లకు కూర్చున్నప్పుడో, ముందుకు వంగినప్పుడో ముక్కులోంచి పలచటి నీళ్లలాంటివి కారితే అది జలుబు కాకపోవచ్చు. పుర్రె అడుగున ఎముక చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరే అలా బయటికి వస్తుంది. గొంతులో ఉప్పగా ఉందని కొందరు చెబుతారు. నీరు బయటికొచ్చే దారిలోనే క్రిములు లోపలికి పోతాయి. ఈ మాట ఇప్పుడే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. కారే నీటిని చిన్న సీసాలో పట్టి పరీక్షకు పంపుతారు. అప్పటిదాకా ముక్కు చీదనివ్వకండి, చుక్కల మందు వేయకండి.

ఇక మీ బాపు భయం. ఇది ఆయనొక్కరిదే కాదు, మన ఊళ్లలో ప్రతి ఇంట్లో వింటాను. వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు పూసల దగ్గర ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి కింద, మూడో, నాలుగో పూస దగ్గర. అక్కడ నరాల పోగులు నీటిలో తేలుతుంటాయి, సూది తగిలితే పక్కకు జరుగుతాయి. ఆపరేషన్ కాన్పుకు మత్తు ఇచ్చేదీ దాదాపు ఆ చోటే. మీ ఇంట్లో అలా కాన్పు అయినవాళ్లు ఉంటే బాపు పక్కన కూర్చోబెట్టి చెప్పించండి. తీసే నీరు కొద్ది మిల్లీలీటర్లే. ఒంట్లో రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది కాబట్టి గంటలోపే భర్తీ అవుతుంది. తర్వాత కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది.

అయితే మెదడులో వాపు ఎక్కువగా ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఈ పరీక్ష వెంటనే చేయకూడదు. కాబట్టి "సీటీ స్కాన్ చూశారా సార్?" అని అడగండి. అడిగితే ఏ డాక్టరూ తప్పు పట్టరు.

ఐసీయూలో జ్వరానికి ఊపిరితిత్తులు, మూత్రం గొట్టం, సెలైన్ లైను, ఏదైనా కారణం కావచ్చు. మగతలో ఉన్న మనిషి తలనొప్పి అని చెప్పలేడు. అందుకే మెదడు చుట్టూ, వెన్నులో ఒకటిగా ఉండే ఆ నీటిని వెన్నులోంచి తీసి కణాలు, చక్కెర చూస్తారు, క్రిమి ఏదో తెలియడానికి కల్చర్‌కు పెడతారు. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగకుండా వాంకోమైసిన్, మెరోపెనెం లాంటి యాంటీబయాటిక్ మందులు మొదలుపెడతారు.

ఈ మందులు రక్తంలోంచి మెదడులోకి సులువుగా చేరవు. అందుకే పెద్ద మోతాదులో, క్రిమిని బట్టి 10 నుంచి 21 రోజుల దాకా ఇవ్వాల్సి వస్తుంది. నాలుగో రోజు జ్వరం తగ్గగానే ఖర్చుకు భయపడి ఇంటికి తీసుకెళ్లినవాళ్లు మళ్లీ ఫిట్స్‌తో రావడం చూశాను. మీరు ఆ పని చేయకండి. ముక్కులో నీరు ఆగకపోతే ఆ రంధ్రాన్ని ఆపరేషన్‌తో మూస్తారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ తెచ్చే ఒక క్రిమి రాకుండా వేసే న్యూమోకాకల్ టీకా ఎప్పుడు వేయించాలో డిశ్చార్జ్‌కు ముందే అడిగి రాయించుకోండి.