హెలాక్ ఉంది కదా అని అత్యవసర నిధిని వదిలేశారా?

ప్రశ్న: మేము న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటున్నాం. 2021లో టూ ఫ్యామిలీ ఇల్లు కొన్నాం. పై యూనిట్‌లో మేముంటాం, కింది యూనిట్ నెలకు 2,800 డాలర్లకు అద్దెకిచ్చేవాళ్లం. పోయిన ఏడాది అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక, రోజువారీ అద్దెకిస్తే రెట్టింపు వస్తుందని స్నేహితులు చెప్పారు. హెలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి, కావాల్సినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు లైను) నుంచి 48,000 డాలర్లు తీసి యూనిట్‌ని బాగు చేయించి ఫర్నిచర్ కొన్నాం. పెద్ద యాప్‌లు సిటీ రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతున్నాయని వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెట్టాం. మే నుంచి మార్చి దాకా 31,000 డాలర్లు వచ్చాయి. జూలై, ఆగస్టుల్లో అయితే నెలకు 5,200. పోయిన నెల సిటీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి సమన్లు ఇచ్చి వెళ్లారు. ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కి రెండు కుటుంబాలు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చాయి. ఈ వేసవి గడిచేదాకా జాగ్రత్తగా నడిపి, ఆ డబ్బుతో అప్పు తీర్చేసి ఆపేద్దామని ఆలోచన. జరిమానాకి జీరో పర్సెంట్ క్రెడిట్ కార్డు వాడాలా, మా వారి 401(కె) (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) నుంచి లోను తీసుకోవాలా? అందులోంచే బేస్‌మెంట్‌లో ఇంకో గది వేస్తే ఆదాయం పెరుగుతుంది కదా? ఊళ్లో నాన్నగారు బంగారం తాకట్టు పెట్టి పంపుతానంటున్నారు. మా వారు హెచ్1బి (ఉద్యోగ వీసా), నేను హెచ్4 ఈఏడీ (ఆయన భార్యగా వచ్చిన వీసా మీద ఇచ్చే పని అనుమతి) మీద పార్ట్ టైమ్. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 8,700 వస్తాయి. హెలాక్ వడ్డీతో సహా నెల ఖర్చు 8,200. బ్యాంకులో 7,000 ఉన్నాయి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఆఖరి వాక్యంలో ఉంది. నన్ను భయపెట్టింది అదే. నెలకు 8,200 ఖర్చున్న ఇంట్లో 7,000 డాలర్లే ఉన్నాయంటే నెల రోజులకు కూడా చాలవు. మీరు దాని గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. అడిగినవన్నీ కొత్త అప్పుల గురించే.

ముందు సమన్ల సంగతి. మీకిది దురదృష్టంలా అనిపిస్తున్నట్టుంది, కానీ న్యూయార్క్‌లో రూలు చాలా స్పష్టంగా ఉంది. 2022లో చేసిన లోకల్ లా 18ని 2023 సెప్టెంబరు 5 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజుల కంటే తక్కువ కాలానికి ఎవరికైనా అద్దెకివ్వాలంటే సిటీలో రిజిస్టర్ చేసుకోవాలి. అతిథులు ఉన్నన్ని రోజులూ మీరు అదే యూనిట్‌లో ఉండాలి. ఇద్దరికి మించి ఉంచుకోకూడదు. వాళ్ల గదికి విడిగా తాళం పెట్టి మిగతా ఇంటికి రానివ్వకుండా చేయకూడదు. ‘మేం పైనే ఉంటాం కదా, అదే ఇల్లు కదా’ అని మీరు అనుకుని ఉంటారు. చట్టం చూసేది యూనిట్‌ని. పై యూనిట్‌లో ఉండి కింది యూనిట్‌ని రోజువారీ అద్దెకిస్తే మీరు అక్కడ లేనట్టే లెక్క. ఒకటి, రెండు కుటుంబాల ఇళ్లకు సడలింపు ఇవ్వాలని 2024లో సిటీ కౌన్సిల్‌లో బిల్లు పెట్టారు. బిల్లు పెట్టినంత మాత్రాన చట్టం మారదు. దాన్ని నమ్ముకుని అతిథులను దింపుకోకండి.

రిజిస్ట్రేషన్ లేకుండా ఇస్తే జరిమానా 5,000 డాలర్ల దాకా, లేదా వచ్చిన అద్దెకు మూడు రెట్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత పడవచ్చు. ఇన్‌స్పెక్టర్లు ఒక్క రిజిస్ట్రేషన్ చూసి వెళ్లిపోరు. ఇంటిని వేరే వాడకానికి మార్చారని, ఫైర్ అలారం లేదని, బయటికి వెళ్లే దారి సరిగా లేదని విడివిడిగా సమన్లు రాస్తారు. మీ చేతిలో ఉన్న కాగితాలు ఒక్కొక్కటీ దేనికో ఇవాళే చదవండి. హియరింగ్ రోజున తప్పకుండా హాజరవ్వండి. వెళ్లకపోతే మీకు వ్యతిరేకంగా తేల్చేసి జరిమానా పెంచుతారు. ఇలాంటి కేసులు చూసే లాయర్‌తో ఒక గంట మాట్లాడటానికి అయ్యే ఖర్చుకు వెనకాడకండి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు ఉన్నాయేమో అక్కడే అడగండి. ప్రభుత్వానికి కట్టిన జరిమానాను ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. వచ్చిన 31,000ను మాత్రం ఆదాయంగా చూపించి తీరాలి.

‘ఈ వేసవి జాగ్రత్తగా నడుపుతాం’ అన్న మాటకు వస్తాను. ఎలా నడుపుతారు? ఈ తనిఖీలు ఎక్కువగా 311కి (సిటీ ఫిర్యాదుల ఫోన్ నంబరు) వచ్చిన ఫిర్యాదుల మీదే మొదలవుతాయి. మీ వీధిలో ఎవరో ఒకరు ఇప్పటికే ఫోన్ చేసి ఉండొచ్చు. 2026 జూలై 19న పక్కనే న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో ప్రపంచకప్ ఫైనల్ జరిగే రోజుల్లో మీ గుమ్మం ముందు సూట్‌కేసులతో కొత్త మనుషులు దిగితే వాళ్లకు కనపడదా? ఒకసారి సమన్లు తీసుకుని, తెలిసి తెలిసి మళ్లీ చేసినవాళ్లను హియరింగ్‌లో ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు లెక్క. మీరు 5,200 వచ్చిన నెలలను తలుచుకుంటున్నారు. పదకొండు నెలలూ కలిపి చూద్దాం. వచ్చింది 31,000. క్లీనింగ్, లాండ్రీ, కరెంటు, సబ్బులు, తువ్వాళ్లు కలిపి 7,900 అయిందని మీరు పంపిన షీట్‌లో ఉంది. మిగిలింది 23,100. అదే యూనిట్‌ని పాత అద్దెకే, 2,800కి ఒక కుటుంబానికి ఇచ్చి ఉంటే 30,800 వచ్చేది. అంటే 7,700 తక్కువ. హెలాక్ మీద 8.5 శాతం చొప్పున నెలకు 340 కడుతున్నారు, పదకొండు నెలలకు 3,740. మొత్తం 11,440 డాలర్లు పోగొట్టుకున్నారు. జరిమానా ఇంకా ఇందులో కలపలేదు. దుప్పట్లు మార్చడానికి, అర్ధరాత్రి తాళాలు ఇవ్వడానికి మీరు పడిన శ్రమకూ లెక్క కట్టలేదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది, ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. అత్యవసర నిధి ఎందుకు లేదని మనవాళ్లను అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే, ‘హెలాక్ ఉంది కదా, కావాలంటే తీసుకుంటాం’ అని. మీరూ అలాగే అనుకుని ఉంటారు. హెలాక్ అప్పు. అదీ ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే అప్పు, వడ్డీ మారుతూ ఉండే అప్పు. మీ ఆదాయం బాగా పడిపోయిందని తెలిసినా, ఇంటి విలువ గట్టిగా తగ్గినా బ్యాంకు ఇక తీసుకోవద్దని ఆ లైనును ఆపేయవచ్చు. 2008 సంక్షోభంలో ఎంతోమందికి అలాగే ఆపేశారు. ఉద్యోగం పోయిన రోజున అక్కరకు రావాల్సింది సరిగ్గా ఆ రోజునే అందకుండా పోతే దాన్ని నిధి అని ఎలా అంటాం?

మీ ఇంటికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ వారి ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ హెచ్4, దాని మీద వచ్చిన ఈఏడీ ఆయన వీసాకే ముడిపడి ఉన్నాయి కాబట్టి మీ జీతం కూడా ఆయన ఉద్యోగాన్ని పట్టుకునే ఉంది. ఇద్దరు సంపాదిస్తున్నట్టు కనపడుతుంది కానీ, నిజానికి ఒక్క ఉద్యోగం మీదే ఇల్లంతా నడుస్తోంది. దీనికి 401(కె) లోను కలిపితే? ఉద్యోగం మానేసిన ఏడాదికి ట్యాక్స్ రిటర్న్ వేసే గడువులోగా బాకీ కట్టకపోతే దాన్ని విత్‌డ్రాగా లెక్కిస్తారు. ట్యాక్స్ పడుతుంది, 59½ ఏళ్లు నిండకపోతే మామూలుగా పైన 10 శాతం పెనాల్టీ కూడా. జీతం, వీసా గడువు, 401(కె) బాకీ, హెలాక్, మార్ట్‌గేజ్ అన్నీ ఒకేసారి మెడకు చుట్టుకుంటాయి. ఆ పరిస్థితిలో బ్యాంకులో 7,000 ఉంటే ఏం చేస్తారు? వచ్చిన ధరకు ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది.

అందుకే మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 49,200 డాలర్లు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. షేర్లలో వద్దు, ఇండియా ఎఫ్‌డీల్లో వద్దు, ఎవరికో చేబదులుగా ఇచ్చి వద్దు. మొదటి మజిలీ మూడు నెలల ఖర్చు, సుమారు 25,000. ఇది మీకు అందని పని కాదు. కింది యూనిట్‌ని ఏడాది లీజుకు ఇవ్వండి. ఇప్పుడు బాగు చేయించారు కాబట్టి 2,900 అడగొచ్చు. జీతాల్లో మిగిలే 500 కలిపితే 3,400. నీటి బిల్లుకు, రిపేర్లకు 400 తీసినా నెలకు 3,000 మిగులుతుంది. ఆరు నెలల్లో 18,000, ఉన్న 7,000తో కలిపి 25,000. జరిమానా పడితే ఇంకో రెండు నెలలు పడుతుంది, పడనివ్వండి. ఆ తర్వాత నెల నెలా సగం నిధికి, సగం హెలాక్ అసలుకు. వడ్డీ 8.5 శాతం ఉండగా ముందు అప్పు తీర్చమని చెప్పేవాళ్లు ఉన్నారు. మీలాంటి వీసా మీద ఉన్నవాళ్లకు నేను ఆ సలహా ఇవ్వను. కట్టేసిన డబ్బును బ్యాంకు మళ్లీ ఇస్తుందన్న హామీ లేదు.

లీజుకు తీసుకున్న డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు, దాన్ని మీ డబ్బుతో కలపకూడదు. జరిమానా కట్టడానికి దాన్ని ముట్టుకోవద్దు. ఫర్నిచర్ వృథా అవుతుందని బాధగా ఉంటే 30 రోజులు, ఆ పైన ఉండేవాళ్లకు ఫర్నిచర్‌తో సహా ఇవ్వొచ్చు. దానికి ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 13 వారాల కాంట్రాక్టుల మీద ఆసుపత్రులకు వచ్చే ట్రావెల్ నర్సులు ఇలాంటివే వెతుక్కుంటారు. అయితే 30 రోజులు దాటినవాళ్లను ఖాళీ చేయించాలంటే కోర్టుకే వెళ్లాలని గుర్తుంచుకోండి.

బేస్‌మెంట్ గురించి. వద్దు. ఇందులో నాతో వాదించకండి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు న్యూయార్క్ సిటీలో 13 మంది చనిపోయారు. వారిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలోకి నీళ్లు వచ్చి బయటికి రాలేక చనిపోయినవాళ్లే, ఎక్కువమంది మీ క్వీన్స్‌లోనే. మీరు ఇల్లు కొన్న ఏడాదే అది. సరైన అనుమతి, రెండో దారి లేని గదిలో డబ్బు తీసుకుని మనిషిని పడుకోబెట్టడం రిటైర్‌మెంట్ డబ్బుతో చేయాల్సిన పనేనా?

పదకొండు నెలలుగా మీ ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నట్టా, లేనట్టా? మీ హోమ్ ఓనర్స్ పాలసీ తీసి, వ్యాపారానికి వాడటం గురించి, డబ్బిచ్చి ఉండే అతిథుల గురించి ఏం రాశారో చూడండి. మామూలు పాలసీల్లో ఇలాంటి వాడకానికి కవరేజీ ఉండదు. యాప్‌ల ద్వారా ఇచ్చినవాళ్లకు కనీసం ఆ కంపెనీ పెట్టిన లయబిలిటీ రక్షణ ఏదో ఒకటి ఉంటుంది. మీరు వాట్సాప్‌లో మాట్లాడుకుని జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బు తీసుకున్నారు కాబట్టి మీకు అదీ లేదు. ఒక అతిథి మెట్ల మీద జారి వెన్ను విరిగి ఉంటే, ఆసుపత్రి బిల్లు, దావా అన్నీ మీ ఇంటి మీదికే వచ్చేవి. ఇన్నాళ్లూ ఏమీ కాకపోవడం మీ అదృష్టం. లీజు రాసే ముందు ఏజెంటుకు ఫోన్ చేసి, కింది యూనిట్‌లో అద్దెకున్నవాళ్లు ఉంటారని రాతపూర్వకంగా పాలసీలో చేర్పించుకోండి. మీ వారికి కంపెనీ ఇచ్చే జీవిత బీమా తప్ప ఇంకేదీ లేకపోతే, సొంతంగా ఒక టర్మ్ పాలసీ కూడా ఈ నెలలోనే.

జీరో పర్సెంట్ కార్డు: జరిమానా కట్టడానికి సిటీ వాయిదాలు ఇవ్వకపోతేనే, ఆరు నెలల్లో తీర్చగలిగినంత మేరకే. అంతకు మించి కార్డు జోలికి పోకండి.

నాన్నగారి బంగారం విషయంలో మాత్రం నాకు కోపమే వచ్చింది. ఆయన ప్రేమతో అన్నారు, ఆ మాట వేరు. నగల మీద లోను తీసుకుని, అక్కడ వడ్డీ కడుతూ, ఇక్కడ చట్టం ఒప్పుకోని వ్యాపారంలో చేసిన అప్పు తీర్చడానికి ఆ డబ్బు తెప్పించుకుంటే, రేపు ఆయనకు ఆసుపత్రి ఖర్చు వస్తే ఏది తాకట్టు పెడతారు? ఆ బంగారం ఆయన అత్యవసర నిధి. వద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

అడ్వాన్సు ఇచ్చిన ఆ రెండు కుటుంబాలకు కూడా ఈ వారమే డబ్బు తిరిగి పంపేయండి. వేసవికి ఇంకా సమయం ఉంది కాబట్టి వాళ్లు హోటల్ చూసుకోగలుగుతారు. గ్రూపుల్లో పెట్టిన ప్రకటనలన్నీ తీసేసి, తీసేసినట్టు తేదీ కనపడేలా ఫోటోలు దాచుకోండి, హియరింగ్‌లో పనికొస్తాయి.