బావిలో ఈత నేర్చినవాడు స్కూబా ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే

తమ్ముడూ, హనుమకొండలో ఉంటున్నానని, చిన్నప్పటి నుంచి బావుల్లో ఈదానని, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని, స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్లలో మునగడం) ఇన్‌స్ట్రక్టర్ కావడం నీకు సులువేనా అని అడిగావు. నీళ్ల భయం లేకపోవడం మంచిదే. కానీ ఆ ఊపిరి బిగబట్టే అలవాటే నిన్ను ఇబ్బంది పెడుతుంది. నన్నూ పెట్టింది.

మాది నర్సంపేట దగ్గర పల్లె. వీపుకు ఎండు సొరకాయ కట్టి బాపు నన్ను మోటబావిలో దించినప్పుడు ఆరేళ్లుంటాయేమో. కొన్నాళ్లకు మునిగి అడుగు మట్టి పిడికిట్లో పట్టుకొచ్చేవాణ్ని. ఊళ్లో ఎవరి బిందె బావిలో పడ్డా నాకే కబురు. ఆ ధీమాతోనే అండమాన్‌లో స్కూబాకు మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సులో చేరాను. మొదటి రోజే, నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే పరికరం) ఉన్నా గాలి పీల్చి బిగబట్టేశాను. ఇన్‌స్ట్రక్టర్ భుజం తట్టి పైకి తీసుకొచ్చి, గట్టిగానే చెప్పాడు.

కారణం ఇది. బావిలోకి పైనుంచి తీసుకుపోయిన గాలి లోతులో నలిగి, పైకొచ్చాక మళ్లీ మొదటి కొలతకే వస్తుంది. సిలిండర్‌తో అట్లా కాదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు, నువ్వు పీల్చే గాలి కూడా అదే ఒత్తిడితో వస్తుంది. దాన్ని బిగబట్టి పైకొస్తే రెండింతలు ఉబ్బాలి. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు, చిరుగుతాయి. స్విమ్మింగ్ పూల్ లోతు కూడా అందుకు చాలు. ఇరవై ఏళ్ల అలవాటు పోవడానికి నాకు ముప్పై డైవులు పట్టింది.

దారి విషయానికొస్తే, నేను ప్యాడీలో చేశాను (మన వరి కాదు, డైవింగ్ సంస్థ). ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్ (డైవర్లను వెంట తీసుకెళ్లేవాడు), ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, పరీక్ష. డైవ్‌మాస్టర్‌కు 18 ఏళ్లు నిండాలి. పరీక్ష నాటికి లాగ్‌బుక్‌లో 100 డైవులు ఉండాలి. డైవ్‌మాస్టర్‌లో 400 మీటర్లు ఆగకుండా ఈదమన్నప్పుడు నా పరువు పోయింది. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది, ఇక దూరం ఈదే దమ్ము ఎక్కడినుంచి వస్తుంది? ఊరికి తిరిగొచ్చి మూడు నెలలు పూల్‌లో అటూ ఇటూ ఈదాను.

అయినా అసలు కష్టం ఈతలో లేదు, నేర్చుకునేవాళ్లకు చేసి చూపించడంలో ఉంది. మాస్క్‌లోకి నీళ్లు నింపి ముక్కుతో ఊది తీసేయడం నేను మూడు సెకన్లలో చేసేవాణ్ని. ఐదుకు రెండు మార్కులు వేశారు. "నువ్వు చేశావు, సరే. ఎవరికి కనబడింది?" అన్నాడు మా కోర్సు డైరెక్టర్. తల కాస్త పైకెత్తడం, వేళ్లతో మాస్క్ పై అంచు నొక్కడం, ఊదడం, ఒక్కొక్కటీ ఆపి ఆపి చేయాలి. పరీక్షలో ఫిజిక్స్, ఫిజియాలజీ పేపర్లు కూడా ఉంటాయి, అవి చదివితే వస్తాయి. నేనైతే ఎదుటివాడి భయం చూసి నెమ్మదించడం నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు తీసుకున్నాను.

మన తెలుగువాళ్లకు నేర్పేటప్పుడు ఇంకో తమాషా. నీళ్లలో బొటనవేలు పైకి చూపితే "సూపర్" అని కాదు, "పైకి పోదాం" అని. బాగున్నానంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పడవ మీద పదిసార్లు చెప్పినా, చేపల గుంపు కనబడగానే బొటనవేలే లేస్తుంది. ఒకసారి భార్యాభర్తలిద్దరూ చూపించారు, నిజంగానే పైకి తీసుకొచ్చేశాను. ఆయన అలిగాడు.

ఖర్చు లక్షల్లోనే అవుతుంది, అప్పు చేసి మాత్రం మొదలుపెట్టకు. ముందు ఓపెన్ వాటర్ ఒక్కటే చెయ్యి. దానికి కూడా ఫీజు కట్టకముందే చెవి డాక్టరుకు చూపించుకో. మన బావుల్లో ముక్కు మూసి ఊది చెవుల్లో ఒత్తిడి సర్దుకోకుండానే అడుగుకు పోయేవాళ్లం కదా. నా ఎడమ చెవి ఇప్పటికీ కుడిదానికన్నా ఆలస్యంగా తెరుచుకుంటుంది, దాని కోసం తాడు పట్టుకుని మెల్లగా దిగుతాను.