స్విచ్ బాక్సు మార్చగానే మౌస్ ఆగిపోతుంటే ముందు మౌస్ కింద లైటు చూడండి

కాటా కంప్యూటర్‌కూ బిల్లింగ్ కంప్యూటర్‌కూ కలిపి ఒకే కీబోర్డు, మౌస్ స్విచ్ బాక్సుతో పెట్టుకున్నామని, బాక్సు బటన్ నొక్కితే కీబోర్డు నడుస్తుంది గానీ మౌస్ కదలదని, పీకి పెడితే మళ్లీ వస్తుందని రాశారు. మాది కూడా మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లే అన్నా. వడ్లు దిగే సీజన్‌లో గేటు బయటి దాకా లారీలు నిలబడి ఉన్నప్పుడు కాటా గదిలో మౌస్ ఆగిపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు.

కీబోర్డు నడుస్తోందంటే బాక్సు బతికే ఉంది. కొత్తది కొనకండి. మౌస్ ఆగినప్పుడు దాన్ని తిప్పి కింద ఎర్ర లైటు చూడండి. వైరు మౌస్‌లో అది వెలుగుతుంటే కరెంటు అందుతోంది, బాక్సో కంప్యూటరో మౌస్‌ను గుర్తుపట్టడం లేదు. ఆరిపోతే పోర్టు దగ్గరో పవర్ దగ్గరో తేడా ఉంది.

వైర్‌లెస్ మౌస్ లైటు మాత్రం దాని బ్యాటరీతోనే వెలుగుతుంది, మా దగ్గర అలాగే వెలుగుతూ ఉండేది. ఇలాంటి స్విచ్ బాక్సునే కేవీఎం అంటారు. చాలా కేవీఎం బాక్సుల్లో మౌస్ బొమ్మ వేసిన పోర్టు మామూలు యూఎస్‌బీ పోర్టు కాదు. మన మౌస్ పంపేదంతా బాక్సే చదువుకుని, రెండు కంప్యూటర్లకూ తనే మౌస్‌నని చెప్పుకుంటుంది. అందుకే బటన్ నొక్కగానే ఠక్కున మారుతుంది. కానీ పక్కన అదనపు బటన్లున్న మౌస్‌లు, కీబోర్డుకూ మౌస్‌కూ ఒకే రిసీవర్ ఉన్న వైర్‌లెస్ సెట్లు చాలాసార్లు దానికి అర్థం కావు. మాది అలాంటి వైర్‌లెస్ సెట్టే. మామూలు వైరు మౌస్ పెట్టాం, మళ్లీ ఆగలేదు. మీకు వైర్‌లెసే కావాలంటే రిసీవర్‌ను పెన్‌డ్రైవ్ కోసం ఇచ్చిన హబ్ పోర్టులో పెట్టి చూడండి. మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ కొత్తగా గుర్తుపట్టాలి కాబట్టి కొన్ని సెకన్లు ఆగాల్సి వస్తుంది, అంతే.

లైటు ఆరిపోతుంటే బాక్సుకు అడాప్టర్ ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 500 మిల్లీయాంప్స్. బాక్సు, కీబోర్డు, మౌస్ అన్నీ దాని మీదే బతకాలంటే కష్టం. అడాప్టర్ పెట్టే రంధ్రం ఉంటే, బాక్సు మీద రాసిన వోల్టేజీదే పెట్టండి. విండోస్ డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద కరెంటు ఆదాకు ఉండే టిక్కు రెండు కంప్యూటర్లలోనూ తీసేయండి. మన మిల్లుల్లో ఊక దుమ్ము పోర్టుల్లోకి కూడా పోతుంది, అదీ ఊదించండి.

మీది ఆకుపచ్చ, ఊదా రంగు గుండ్రటి పిన్నుల పాత బాక్సయితే సంగతి వేరు. ఆ పిన్నులను పీఎస్/2 అంటారు. వీల్ ఉన్న పీఎస్/2 మౌస్ ఒక్కో కదలికకు 4 బైట్లు పంపుతుంది, వీల్ లేనిది 3. మార్చినప్పుడు ఈ లెక్క తప్పితే బాణం మూలకు ఎగిరి, దానంతటదే క్లిక్కులు కొడుతుంది. అలాంటప్పుడు తూకం ఎంట్రీ తెరిచి ఉంచొద్దు, బాక్సును ఆ కంప్యూటర్ మీదే ఉంచి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. ఆ పిన్నులు కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పీకొద్దు, పెట్టొద్దు.

ఇవన్నీ చూసేలోపే లారీ కాటా ఎక్కిందనుకోండి. కీబోర్డులో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొట్టండి. విండోస్‌లో నంబర్ ప్యాడ్ మీది 8, 2, 4, 6 అంకెలతో బాణం కదులుతుంది, 5 నొక్కితే క్లిక్ పడుతుంది. పని అయ్యాక మళ్లీ అవే మూడూ నొక్కితే ఆగిపోతుంది.