కైల్ లైన్ గురించి రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

రైలు నడిపే కంప్యూటర్ గేమ్‌లో స్కాట్లాండ్ రూటు ఒకటి పెట్టమని, గేమ్ చేసేవాళ్ళ కోసం నువ్వు రాసిన ప్రపోజల్ రెండుసార్లు చదివాను. గ్లెన్‌ఫినన్ వంతెన, దాని 21 కమానులు, కింద లోయ, పైన ఆవిరి ఇంజన్... బాగానే రాశావు, కానీ ఆ వంతెన ఉన్న వెస్ట్ హైలాండ్ లైన్ ట్రెయిన్ సిమ్యులేటర్ గేమ్‌లో ఎప్పుడో వచ్చేసింది, మళ్ళీ అదే అడిగితే చదివేవాళ్ళు రెండో పేరా దాకా కూడా రారు. ఇంకాస్త ఉత్తరాన ఇన్వర్నెస్ నుంచి కైల్ ఆఫ్ లోకాల్ష్ వెళ్ళే లైన్ ఉంది, సుమారు 130 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. నువ్వు ఆడే గేమ్‌లో అది ఇప్పటికే ఉందేమో వెతికి చూసుకుని, లేకపోతే దాని మీద రాయి.

నా మొదటి ప్రపోజల్ పద్నాలుగు పేజీలు. కొండలు, సరస్సులు, పొగమంచు, ఏదీ వదల్లేదు. జవాబు ఒక్క లైన్లో వచ్చింది: ఇందులో ఆడేవాడు చేసే పనేంటి? వారం రోజులు మొహం మాడ్చుకున్నాను గానీ, వాళ్ళడిగింది న్యాయమే.

అందుకే డింగ్‌వాల్ స్టేషన్ దాటగానే వచ్చే, కొండ ఎక్కే దారితో మొదలుపెట్టు. లైన్ వేసేటప్పుడు స్ట్రాత్‌పెఫర్ దగ్గర ఒక భూస్వామి తన నేల మీదుగా రైలు వద్దని అడ్డుపడ్డాడు, దాంతో ఊరిని తప్పించి పైనుంచి తిప్పారు. 1870 నాటి ఆ పంతం వల్ల ఈరోజుకీ రేవెన్ రాక్ దాకా ఆరు కిలోమీటర్లకు పైగా, 50 అడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కాలి. (ఆ ఊరికే 1885లో విడిగా ఒక బ్రాంచి లైన్ వచ్చింది, అది వేరే కథ.) వాన పడి పట్టాలు తడిగా ఉన్నాయి, క్లాస్ 37 డీజిల్ ఇంజన్ వెనక ఐదారు పెట్టెలున్నాయి, పవర్ కాస్త ఎక్కువిస్తే చక్రాలు జారతాయి, తగ్గిస్తే బండి ఎక్కదు. ఇదిగో, ఆడేవాడి చేతికి పని దొరికింది.

తర్వాత రేడియో టోకెన్. 1984లో ఈ పద్ధతి మొదట పెట్టింది ఈ లైన్లోనే. మన దగ్గర సింగిల్ లైన్లలో, ముందున్న సెక్షన్లోకి వెళ్ళొచ్చని అనుమతిగా డ్రైవర్‌కి ఇచ్చే ఇనప గుండు తెలుసుగా, దాని పనే ఇక్కడ రేడియో చేస్తుంది. ఎదురెదురు బళ్ళు తప్పుకునే లూప్ స్టేషన్లో బోర్డు దగ్గర బండి ఆపి, రేడియోలో సిగ్నలర్‌ని అడిగితే, క్యాబ్‌లో చిన్న తెర మీద సెక్షన్ పేరు పడుతుంది. అది పడేదాకా కదలడానికి లేదు. ఎదుటి బండి లేటైతే అక్నషీన్ లాంటి చోట, చుట్టూ ఖాళీ కొండల మధ్య, ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చోవడాన్ని కూడా రాయి, అందులో టెన్షన్ ఉంది.

డన్‌క్రెయిగ్ లాంటి చిన్న స్టేషన్లలో ఎక్కేవాళ్ళు చెయ్యెత్తితేనే ఆపేవాళ్ళు, మన పల్లెవెలుగు బస్సులాగా. మలుపు తిరగ్గానే ప్లాట్‌ఫామ్ మీద ఎవరైనా ఉన్నారా లేదా, బ్రేక్ వెయ్యాలా వద్దా. గేమ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

నీ ప్రపోజల్లో ఏ సంవత్సరమో ఎక్కడా లేదు. అది తేలకుండా ఏదీ తేలదు. లోక్ లూకర్ట్ దగ్గర జలవిద్యుత్ కోసం సరస్సు మట్టం పెంచి 1954లో పట్టాలే పక్కకి జరిపారు, కాబట్టి 1930లు అంటే దారే వేరు. ఇన్వర్నెస్‌లో నెస్ నది మీది పాత రాతి వంతెన 1989 ఫిబ్రవరి వరదకి కొట్టుకుపోయింది. నన్నడిగితే 1985 వేసవి పెట్టు. రేడియో టోకెనూ ఉంటుంది, క్లాస్ 37 కూడా ఉంటుంది, పాత వంతెన కూడా నిలబడే ఉంటుంది.

రెండు పేజీలు దాటనివ్వకు, ఫొటోలు మూడు చాలు. చివరిది కైల్ స్టేషన్‌ది పెట్టు, నీళ్ళలోకి చొచ్చుకెళ్ళిన ప్లాట్‌ఫామ్, ఎదురుగా స్కై దీవి. పాత ఫొటోనే వెతుకు. దీవికి వెళ్ళే వంతెన 1995లో గానీ రాలేదు, 1985 అని రాసి ఆ వంతెనున్న ఫొటో పెట్టావనుకో, అక్కడే దొరికిపోతావు.