గుర్రం పక్కన పెట్టి ఆడమనండి

ప్రశ్న: నా స్నేహితుడు చెస్‌లో నాకంటే చాలా గట్టివాడు. వారానికి నాలుగైదు ఆటలు ఆడతాం, అన్నీ ఓడిపోతాను. ఎత్తు వెనక్కి తీసుకోనిస్తాడు గానీ, అలా గెలిస్తే గెలిచినట్టే ఉండదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ వెనక్కి తీసుకోవడం మానేయండి. తప్పు చేసినా నష్టం లేదని తెలిస్తే, ఎత్తు వేసేముందు చూసుకునే అలవాటు ఎప్పటికీ రాదు. ఇక ఓటములంటారా, ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే ఎలో రేటింగులో 400 తేడా ఉంటే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున లెక్కేసినా 100 ఆటల్లో తక్కువవాడికి వచ్చేది సుమారు 9 పాయింట్లే.

సాయమేదో ఆట మొదట్లోనే తీసుకోండి. 19వ శతాబ్దంలో అమెరికా చెస్ దిగ్గజం పాల్ మార్ఫీ అంతటివాడే పావు తగ్గించుకుని ఆడేవాడు, కాబట్టి ఇందులో నామోషీ లేదు. అతను తెల్లపావులతో, బి1 గడిలోని (మంత్రి వైపు) గుర్రం లేకుండా ఆడాలి. మీరు వరసగా మూడు గెలిస్తే గుర్రం తిరిగి ఇచ్చేయండి. ఈసారి అతను నల్లపావులతో, ఎఫ్7 బంటు (రాజుకు ఐమూలగా, మంత్రి లేని వైపు ఉండేది) లేకుండా ఆడాలి. అప్పుడు హెచ్5 నుంచి అతని రాజు మీదికి ఐమూల దారి తెరుచుకుంటుంది. అయితే కోట కట్టాక (క్యాజిలింగ్) ఎఫ్ నిలువు వరసలో అతని ఏనుగుకూ దారి దొరుకుతుంది, అది మరిచిపోవద్దు.

గుర్రం ఎక్కువున్నా చాలామంది ఓడిపోతారు. బల్ల నిండా పావులుంటే చిక్కుముళ్లు ఎక్కువ, అవి విప్పడంలో అతనిదే పైచేయి. అందుకే అవకాశం దొరికినప్పుడల్లా మంత్రికి మంత్రి, ఏనుగుకు ఏనుగు మార్చేసుకోండి. బంట్లను మాత్రం మార్చుకోకండి. అన్నీ పోయి రాజు, ఒక్క గుర్రం మిగిలితే ఆటకట్టు చేయలేరు, ఆట డ్రా అవుతుంది.

పావులు తీయడం ఇష్టం లేకపోతే గడియారం వాడండి: అతనికి 3 నిమిషాలు, మీకు 15. ఇక్కడ వచ్చే చిక్కల్లా, అతను టకటకా వేస్తుంటే మీ చెయ్యీ అదే వేగం అందుకోవడం. ప్రతిసారీ అతని చివరి ఎత్తు దేనిమీద గురిపెట్టిందో చూడండి. తర్వాత మీరు వేయబోయే ఎత్తుకు అతను చెక్ చెప్పగలడా, ఏదైనా కొట్టగలడా అని చూసుకున్నాకే పావు ముట్టుకోండి.

ఎత్తులు రాసుకోండి. ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చుని, ఎక్కడ చెయ్యిజారిందనుకుంటున్నారో ముందు మీరు చెప్పి, అక్కడ అతను ఏమనుకున్నాడో అడగండి. కంప్యూటర్ విశ్లేషణ ఆ తర్వాతే.